ఈ మధ్య వచ్చిన ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలలు: పాలమూరు, నల్లగొండ వైపు ఎవరేం చదువుతున్నరు?

అచ్చంపేట చదువరి

అవార్డుల జాబితాలు నెట్ల బోలెడున్నయి, అవి వద్దు. మీరు నిజంగ చివరిదాకా చదివినవి, లేకుంటే విసుగొచ్చి పక్కన పడేసినవి చెప్పండ్రి. ఎందుకో కూడ చెప్పాలె.

ముందుగాల నాది. సుసానా క్లార్క్ ‘పిరనేసి’ (2020). అంతులేని ఒక ఇల్లు. హాలు తర్వాత హాలు, గోడల పొంటి విగ్రహాలు. కింది అంతస్తు సముద్రంల మునిగుంటది, పై అంతస్తుల మబ్బులుంటయి. అండ్ల ఒక మనిషి చేపలు పట్టుకొని తింటూ, ఏ హాల్లకు ఎప్పుడు పోటు వస్తదో నోటుబుక్కుల లెక్కలు రాసుకుంట బతుకుతుంటడు. ఆడికి ఎట్ల వచ్చిండో ఆయనకే తెల్వదు. మొదట్ల చానసేపు ఏం అర్థం కాదు. అది రచయిత్రి కావాలని చేసిందే, ఓపిక పట్టాలె.

శ్రీశైలం నీళ్ళల్ల మునుగుతదని కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి అలంపూర్ల మళ్ళ కట్టిన్రు గదా. మునిగిన ఊర్ల గురించి మా కొల్లాపూర్ చుట్టాలు చెప్పేది వింటే, యాపచెట్టు ఏడుండె, బాయి ఏడుండె, అడుగు అడుగు యాదికుంటది వాళ్ళకు. ఈ పుస్తకంల ఆయన తన హాళ్ళ గురించి చెప్పేది గట్లనే ఉంటది. అందుకే నాకు పట్టేసింది. చిన్న పుస్తకమే.

మిర్యాలగూడ నైట్ డ్యూటీ

అన్నా, మర్డర్‌బాట్ చదివిన్రా? మార్తా వెల్స్ రాసింది. మొదటిది 2017ల వచ్చింది గని ఆ వరుస ఇంకా నడుస్తనే ఉన్నది. కంపెనీ కిరాయికిచ్చే సెక్యూరిటీ రోబో. దాన్ని అదుపుల పెట్టే మాడ్యూల్‌ను అదే హ్యాక్ చేసుకున్నది. చేసుకొని లోకాన్ని ఏలుదామనుకున్నదా? లేదు, డ్యూటీల ఉండుకుంటనే సీరియళ్ళు చూసుడు షురూ చేసింది. 35,000 గంటలకు జర తక్కువ!

రాత్రంత మిల్లుల కూసునేటోనికి ఈ రోబో బాధ ఎవలూ ఇడమరిచి చెప్పక్కర్లేదు. మనుషుల మొఖం చూసి మాట్లాడుడంటే దానికి పరేషాన్, కని వాళ్ళకు ఆపదొస్తే ఊకోదు. మొదటి పుస్తకం ఒక్క రాత్రిల అయిపోతది. ఇంగ్లిష్ కష్టమనేటోళ్ళు దీంతోనే మొదలుపెట్టుండ్రి.

మహబూబ్‌నగర్ ఫిజిక్స్ సార్

నా ఓటు ఆండీ వీర్ ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’కి (2021). హీరో బడిలో సైన్స్ చెప్పే మాస్టారు కావడం ఒక కారణం, దాచుకోను. ఆస్ట్రోఫేజ్ అనే సూక్ష్మజీవి సూర్యుడి శక్తిని తినేస్తుంటుంది. మందు వెతకడానికి ఈయన్ని టావ్ సెటి అనే నక్షత్రం దగ్గరికి పంపుతారు. నిద్ర లేచేసరికి తన పేరు కూడా గుర్తుండదు.

అక్కడ ఒక ఘట్టం ఉంది. తానెక్కడున్నాడో తెలియదు గానీ, చేతిలోంచి వస్తువులు పడే వేగం ఏదో తేడాగా అనిపిస్తుంది. టేపు, స్టాప్‌వాచ్ పట్టుకుని గురుత్వం కొలుస్తాడు. సెకనుకు సెకనుకు 15 మీటర్లు వస్తుంది, భూమి మీదైతే 9.8 రావాలి! అంటే ఇది భూమి కాదు. లోలకం కట్టి మళ్ళీ సరిచూసుకుంటాడు. ఇది చదివాక తొమ్మిదో తరగతి పిల్లలతో తలుపు చట్రానికి మీటరు దారం, కొసకు రాయి కట్టించాను. ఫోన్లో టైం చూస్తే పది ఊపులకు ఇరవై సెకన్లు. పొడవును 39.5తో హెచ్చించి, ఒక్క ఊపు కాలం వర్గంతో భాగించమన్నాను. 9.8 దగ్గర్లోకి వచ్చేసరికి వెనక బెంచీ వాడు కూడా లేచి నిలబడ్డాడు. పుస్తకంలో గ్రహాంతరవాసి రాకీ కూడా ఉన్నాడు, కానీ అతని గురించి చెబితే చదవబోయేవాళ్ళ ఆనందం పోతుంది.

లోపం కూడా చెప్పాలి. రాకీ తప్ప మిగతా పాత్రలన్నీ ఒకేలా మాట్లాడతాయి, ఒకేలా జోకులేస్తాయి.

నల్లగొండ అక్క

సార్, మీది చదివితే హుషారొస్తది. నేను చదివిందాంతోని నిద్ర పోయింది. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ‘ద మినిస్ట్రీ ఫర్ ద ఫ్యూచర్’ (2020). మొదటి అధ్యాయం ఉత్తరప్రదేశ్‌ల ఒక ఊరు. వడగాలులు, పైనుంచి ఉక్కపోత, కరెంటు పోయింది. ఒక ఆఫీసుల జనరేటరు మీద ఏసీ నడుస్తుంటే తుపాకులు చూపి రెండూ ఎత్తుకపోతరు. జనమంత చెరువులకు దిగుతరు, ఆ నీళ్ళు ఒంటి వేడి కంటె ఎక్కువున్నయి. ఇగ తెల్లారేసరికి ఏమైతదో మీరే చదువుకోండ్రి.

మే నెలల 44, 45 మనకు కొత్తనా అని మా ఆయన కొట్టిపారేసిండు. అసలు సంగతి ఆడనే ఉన్నది. మనది పొడి ఎండ, చెమట ఆరుతది, ఒళ్ళు సల్లబడతది, కూలర్ పనిచేస్తది. గాలిల తేమ నిండితే చెమట ఆరదు. తడిబట్ట చుట్టిన థర్మామీటరు 35 చూపెడితే నీడల కూసున్న గట్టి మనిషి కూడ తట్టుకోలేడంటరు. అప్పుడు కిటికీలు మూసి కూలర్ పెడితే తేమ ఇంకా పెరుగుతది.

ఆ తర్వాత పుస్తకమంత జ్యూరిక్‌ల మీటింగులు, బ్యాంకులు, కార్బన్ లెక్కలు. నడుమ చాలా పేజీలు తిప్పేసిన. ఎవ్వల పర్మిషన్ లేకుంట మన దేశమే విమానాలతోని ఆకాశంల గంధకం చల్లే భాగం మాత్రం వదలొద్దు.

బీటెక్ ఫైనలియర్

అందరు పెద్దపెద్దవి చెప్తున్నరు గని ‘ఫోర్త్ వింగ్’ పేరు ఎవరూ తీయరేంది? రెబెక్కా యారోస్, 2023. మా హాస్టల్ల అమ్మాయిల రూముల్నించి అబ్బాయిల రూముల దాకా తిరిగి తిరిగి అట్ట ఊడిపోయింది. డ్రాగన్లను ఎక్కుడు నేర్పే యుద్ధ కాలేజీ, ఫెయిలైతే చచ్చుడే. మూడోది 2025 జనవరిల వచ్చింది, మొత్తం ఐదు అంటున్నరు. తప్పా?

చందమామ పాత కట్టలు

తప్పేం లేదు తమ్మీ. కాకపోతే డ్రాగన్ అంతటిది కూడా హీరోయిన్ ప్రేమ సంగతుల మీద కామెంట్లు చేసుకుంటూ కూర్చుంటే నాకు నవ్వొచ్చింది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు ‘ముగ్గురు మాంత్రికులు’, ‘పాతాళ దుర్గం’ నెలనెలా ఎదురుచూసి చదివిన ఇల్లు మాది. అక్కడ పెద్ద జంతువు వచ్చిందంటే కథ నడక మారేది.

బీటెక్ ఫైనలియర్

సార్, పొద్దంత మిడ్స్ రాసి వచ్చినోనికి ఆ కామెంట్లే కావాలె 😄 నడక మారే పుస్తకం మీరే ఒకటి చెప్పుండ్రి మరి, కొత్తది.

సాగర్ రిటైర్డ్

నేను చెప్తా. రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ ‘ద టెయింటెడ్ కప్’, 2024. మరుసటి ఏడు హ్యూగో అవార్డు వచ్చింది. పైకి హత్య కేసు: ఒక అధికారి ఒంట్లోంచి చెట్టు పొడుచుకొచ్చి చచ్చిపోతాడు. పరిశోధన చేసే ఆవిడ కళ్ళకు గంతలు కట్టుకుని గదిలో కూర్చుంటుంది. చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకునే కుర్రవాడొకడు ఊరంతా తిరిగొచ్చి ఆమెకు అప్పజెప్తాడు.

నాకు నచ్చింది హత్య కాదు, గోడ. ఏటా వానాకాలంలో సముద్రంలోంచి కొండంత జంతువులు ఒడ్డుకొస్తాయి. వాటిని ఆపడానికి సామ్రాజ్యం గోడలు కట్టుకుంది. గోడకు గండి పడితే చాలు, అంతా పోతుంది. కాబట్టి అక్కడ రాజు కంటే గోడ చూసుకునే ఇంజనీర్లు ముఖ్యం. నాగార్జునసాగర్‌కు 26 గేట్లు. అవి ఎత్తిన రోజు చూడడానికి జనం బస్సులేసుకుని వస్తారు. మిగతా రోజుల్లో వాటి గ్రీజు, రబ్బరు సీళ్ళ సంగతి ఎవరికి కావాలి? ఆ పని చేసేవాళ్ళను నిలబెట్టి రాసిన ఫాంటసీ నేను వేరే చూడలేదు. మంత్రదండం తిప్పితే పనయ్యే పుస్తకాలు నాకు ఎక్కవు. లోకం ఎలా నడుస్తుందో, నడిపేవాడి చేతులు ఎలా నొస్తాయో చూపించాలి.

అచ్చంపేట చదువరి

సార్, ఆ లెక్కన పిరనేసి మీకు ఎక్కదేమో అనుకున్న, కని ఆయన కూడ పోట్ల పట్టిక రాసుకునేటోడే.

ఇంకొకటి. మన పక్క దేశంది. శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర ‘ద సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’, 2023 నెబ్యులా అవార్డు వచ్చింది. పుట్టంగనే పిల్లగాని నీడను తల్లి మేకుతోని చీల్చేస్తది, తండ్రిని చంపనీకే పెంచుతది. తండ్రేమో పెద్ద మతగురువు. ఆ పిల్లగాడు పెద్దగయి, నాకెందుకీ లొల్లి అని పట్నం పోతడు. ఆడ తనలెక్కనే అవతార పురుషులు కాబోయి కాలేకపోయినోళ్ళ మీటింగులకు పోతుంటడు! నవ్వొస్తది, తర్వాత క్యాంపులు, కాగితాలు, ఎవడు ఏ జాతని అడిగే ఆఫీసులు వస్తయి, నవ్వు ఆగిపోతది. నడుమ కథ జర సాగింది, ఒప్పుకోవాలె.

మహబూబ్‌నగర్ ఫిజిక్స్ సార్

మనవాళ్ళది గౌతమ్ భాటియా ‘ద వాల్’ (2020) కూడా చూడండి. సుమేర్ అనే నగరం చుట్టూ గోడ, రెండు వేల ఏళ్ళుగా ఎవరూ దాటింది లేదు. రచయిత రాజ్యాంగ న్యాయవాది, అందుకని పాత్రలు కొట్టుకోవడం కంటే వాదించుకోవడం ఎక్కువ. నాకు ఇష్టమే.

మిర్యాలగూడ నైట్ డ్యూటీ

ల్యూ సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ గురించి ఎవలన్న చెప్తరేమో అని చూస్తున్న. చీనాల 2008ల పుస్తకమైంది, మనకు ఇంగ్లిష్‌ల 2014ల. ఆలోచనలు మస్తు, మనుషులు కట్టెలు. రెండో పుస్తకంల సగం కాడ ఆపేసిన.

నల్లగొండ అక్క

ఆపొద్దుండె తమ్మీ! ఆ రెండోదాంట్లనే అసలు సరుకు. వెనక సగం చదువు, తర్వాత తిట్టు.

ఇంతకు ఇవి దొరికేదేడ? మా లైబ్రరీల గ్రూప్స్ గైడ్లు తప్ప ఏం లేవు.

చందమామ పాత కట్టలు

ఆదివారం కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ అమ్మా. కొత్తవి తక్కువే గానీ ఓపికుంటే తగులుతాయి. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఎలాగూ ఉంది.

సాగర్ రిటైర్డ్

టెయింటెడ్ కప్ నా దగ్గరుంది. బీటెక్ బాబుకు ఆర్టీసీ కార్గోలో వేస్తాను, హాలియాలో కౌంటరు ఉంది. అట్ట ఊడగొట్టకు నాయనా.

బీటెక్ ఫైనలియర్

థాంక్యూ సార్, అట్టేసుకొని చదువుత. రెండో భాగం వచ్చిందా?

సాగర్ రిటైర్డ్

‘ఎ డ్రాప్ ఆఫ్ కరప్షన్’, 2025. అందులో గోడ మీద పని లేదు, చంపిన ఆ జంతువుల నెత్తురు, మాంసం కోసే చోట కథ. బాగానే ఉంది గానీ నాకు మొదటిదే ఎక్కువ.