రోడ్ సైకిల్‌కి పక్కకు తిరగని వెనక మడ్‌గార్డ్ ఏది?

రోజూ హన్మకొండ నుంచి కాజీపేటకు రోడ్ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తాను, పోనూ రానూ దాదాపు 14 కిలోమీటర్లు. లైట్లు, బెల్లు, తాళం అన్నీ కుదిరాయి. వెనక మడ్‌గార్డ్ ఒక్కటే కుదరట్లేదు. వాన పడితే చొక్కా మీద నడుము నుంచి మెడ దాకా బురద గీత, బ్యాగులో లాప్‌టాప్ ఉందని టెన్షన్ వేరే.

టైరు సైజు 700 బై 28, అంటే వెడల్పు 28 మిల్లీమీటర్లు. ఫ్రేముకు మడ్‌గార్డ్ బోల్టు రంధ్రాలు లేవు. టైరుకూ బ్రేకుకూ మధ్య సందు 5 మిల్లీమీటర్లే, అందుకే నిండు మడ్‌గార్డ్ పెడితే టైరుకు రాసుకుంది. తర్వాత సీటు గొట్టానికి (27.2 మిల్లీమీటర్లు) బిగించే ప్లాస్టిక్‌ది కొన్నాను. రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి కుక్క తోకలా పక్కకు తిరుగుతోంది! క్లాంపు కింద పాత ట్యూబు ముక్క చుట్టి బిగిస్తే రెండు రోజులు ఆగింది. ఇంకాస్త బిగించబోతే స్క్రూ మర పోయింది. సీటు కింద దూర్చే చిన్న మడ్‌గార్డ్ కూడా వాడాను, అది ప్యాంటును కాపాడింది కానీ వీపును కాదు.

సీటు గొట్టానికే క్యారియర్ పెడితే దాని పలకే మడ్‌గార్డ్‌లా పనిచేస్తుందని షాపాయన అంటున్నాడు. నాకు నమ్మకం లేదు, అదీ తిరగదా?

రంధ్రాలు లేని ఇలాంటి ఫ్రేము మీద కదలకుండా నిలిచే వెనక మడ్‌గార్డ్ మీరెవరైనా వాడుతుంటే, అది ఏ రకం?