సిల్వర్టన్ పురపాలక సంఘం ఏమైంది?

ప్రశ్న:
ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు పశ్చిమ సరిహద్దు దగ్గర, బ్రోకెన్ హిల్ అనే గనుల పట్టణానికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిల్వర్టన్ చరిత్ర చదువుతున్నాను. 1886లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరికి నేడు కౌన్సిల్ అనేదే లేదట. అది ఎందుకు రద్దయింది? ఇప్పుడు రోడ్ల బాధ్యత ఎవరిది, పన్ను ఎవరికి కడతారు?

జవాబు 1:
రద్దు వెనుక పెద్ద రాజకీయమేమీ లేదండి. పన్ను కట్టేవారే ఊరు ఖాళీ చేశారు. వెండి, సీసం గనుల వల్ల వెలసిన సిల్వర్టన్‌లో 1880ల మధ్యనాటికి సుమారు 3,000 మంది ఉండేవారు. అయితే మౌంట్ గిప్స్ గొర్రెల క్షేత్రంలో కంచెలు చూసుకునే చార్లెస్ రాస్ప్ 1883లో గుర్తించిన బ్రోకెన్ హిల్ నిక్షేపం అంతకు ఎన్నో రెట్లు పెద్దదని తేలడంతో, జనం పని వెతుక్కుంటూ అటు తరలిపోయారు. వారితో ఇళ్లూ వెళ్లాయి: చెక్కతో, రేకులతో కట్టిన వాటిని ఊడదీసి బండ్ల మీద చేరవేశారు. జైలు వంటి కొన్ని రాతి కట్టడాలు నిలిచాయి. 1899లో పురపాలక సంఘం రద్దయింది.

రైలు కథ మరీ విడ్డూరం. దక్షిణ ఆస్ట్రేలియా రైల్వేను తన భూభాగంలోకి రానివ్వడానికి న్యూ సౌత్ వేల్స్ ఒప్పుకోకపోవడంతో, సరిహద్దులోని కాక్‌బర్న్ నుంచి సిల్వర్టన్ మీదుగా బ్రోకెన్ హిల్‌కు ఒక ప్రైవేటు కంపెనీ లైను వేసింది. 1888లో అది పూర్తయ్యేసరికి సరుకు బ్రోకెన్ హిల్‌ది, సిల్వర్టన్ ట్రామ్‌వే అన్న పేరు మాత్రం ఈ ఊరిది.

జవాబు 2:
పాలన సంగతి నేను చెబుతాను. 1905 నాటి చట్టం కింద 1906లో రాష్ట్రమంతటా షైర్లు (గ్రామీణ ప్రాంతాల స్థానిక పాలనా విభాగాలు) ఏర్పరచినప్పుడు, జనం మరీ పలుచగా ఉన్న పశ్చిమ మండలాన్ని వదిలేశారు. తర్వాత అక్కడ కొన్ని కౌన్సిళ్లు వచ్చినా, దాదాపు 93,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం నేటికీ ఏ కౌన్సిల్ కిందకూ రాలేదు; సిల్వర్టన్ అందులోదే. రోడ్లు రాష్ట్ర రవాణా శాఖ చూస్తుంది. మిగతా చోట్ల భూమి విలువను బట్టి వేసే కౌన్సిల్ పన్ను ఇక్కడ లేదు; ఎక్కువ భూమి ప్రభుత్వ కౌలుది కాబట్టి కౌలు సొమ్ము రాష్ట్రానికే చెల్లుతుంది. ఊరి పనులకు నివాసుల గ్రామ కమిటీ ఉంది గాని, దానికి కౌన్సిల్ అధికారాలు లేవు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మరి ఒక ప్రాంతాన్ని కౌన్సిల్ లేకుండా ఇలా ఉంచడానికి రాజ్యాంగం ఒప్పుకుంటుందా?

జవాబు 2:
ఆస్ట్రేలియా రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వాల ప్రస్తావనే లేదు. వాటిని పెట్టడం, తీసేయడం రాష్ట్రాల ఇష్టం. ఆ లోటు తీర్చాలని 1974లోనూ, 1988లోనూ ప్రజాభిప్రాయ సేకరణ జరిపినా, రెండుసార్లూ ఓటర్లు తిరస్కరించారు.