పేషెంటు జారిపడకుండా ట్రైనింగ్ ఎవరికి ఇవ్వాలి? సిస్టర్లకేనా, ఆయాలకూ అటెండెంట్లకూ కూడానా?

నర్సింగ్ ట్యూటర్, తిరుపతి:
పేషెంట్లు ఆసుపత్రిలో పడిపోకుండా ట్రైనింగ్ అంటే మన దగ్గర సిస్టర్లను హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించడమే. పేషెంటు పడిపోయే రిస్కు ఎంతో మార్కులతో లెక్కగట్టే మోర్స్ స్కేల్ నేర్పిస్తాం. ఇంతకుముందు పడ్డారా, వేరే జబ్బులున్నాయా, కర్ర పట్టుకుని నడుస్తారా, సెలైన్ ఎక్కుతోందా, నడక ఎలా ఉంది, ఎంతవరకు నడవగలరో వాళ్లకు తెలుసా? మొత్తం 125 మార్కులు. 45కు చేరితే రిస్కు ఎక్కువని చాలాచోట్ల కేస్ షీట్‌లో రాస్తారు. కానీ తెల్లవారుజామున పేషెంటును బాత్‌రూమ్‌కు నడిపించేది ఎవరు? ఆయా, వార్డ్ బాయ్, లేదంటే మంచం పక్కన చాప వేసుకుని పడుకున్న కొడుకో కూతురో. ఆ కేస్ షీట్‌లో ఏముందో వీళ్లలో ఒక్కరికీ తెలియదు. ట్రైనింగ్ వీళ్లతోనే మొదలవ్వాలంటాను.

పేషెంటు కూతురు, పుత్తూరు:
మేడమ్, నేను ఒప్పుకోను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మ రాత్రిపూట మంచం పక్కన ఎత్తిపెట్టే సైడ్ రెయిల్ దాటబోయి పడింది. డ్యూటీలో ఉన్నవాళ్లు నన్ను అడిగిన మొదటి మాట, "నువ్వు నిద్రపోయావా?" అని. రేపు నాకు ట్రైనింగ్ ఇచ్చామని సంతకం కూడా తీసుకుంటే, తప్పంతా నా మెడకే చుడతారు. డబ్బు కట్టేది మేమే, కాపలా కూడా మేమేనా?

నైట్ డ్యూటీ సిస్టర్:
అక్కా, మీ కోపంలో న్యాయముంది. రెయిల్ ఎత్తితే చాలు అనుకోవడమే పెద్ద పొరపాటు. అయోమయంలో ఉన్న పెద్దవాళ్లు దాన్ని ఎక్కి దాటాలని చూస్తారు, అప్పుడు ఇంకా ఎత్తు నుంచి పడతారు. అలాంటివాళ్లకు మంచాన్ని వీలైనంత కిందికి దించాలి, చక్రాలకు లాక్ వేయాలి, లేవకముందే మనమే వెళ్లి బాత్‌రూమ్‌కు రావాలా అని అడగాలి. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర సాయంత్రం ఆలస్యంగా వేసుకుంటే రాత్రంతా లేస్తూనే ఉంటారు. ఆ టైము మార్చొచ్చేమో డాక్టరును అడగడం కూడా మా పనే.

అయితే ట్యూటర్ మేడమ్‌కు ఒక మాట. ఆస్ట్రేలియాలో ఆరు ఆసుపత్రుల్లో 6-ప్యాక్ అనే పద్ధతిని పరీక్షించారు. రిస్కు లెక్క, మంచం దగ్గర బోర్డు, అలారం అన్నీ పెట్టారు. 2016లో ఫలితాలొచ్చాయి, పడిపోవడాలు తగ్గలేదు. ఇక్కడ రాత్రిపూట వార్డంతా ఒక్క సిస్టర్‌కు వదిలేసి ట్రైనింగ్ గురించి మాట్లాడితే నాకు బాధేస్తుంది.

నర్సింగ్ ట్యూటర్, తిరుపతి:
సిస్టర్, మనుషులు చాలట్లేదన్న మాటకు నేను అడ్డు చెప్పను. కానీ బోస్టన్, న్యూయార్క్ ఆసుపత్రుల్లోని 14 వార్డుల్లో ఇంకో పద్ధతి చూశారు. నర్సు, పేషెంటు, ఇంటివాళ్లు కలిసి కూర్చుని, ఈ మనిషి ఎందుకు పడొచ్చు, ఏం చేయాలి అని ఒక కాగితం మీద రాసుకుని మంచం దగ్గర పెట్టుకున్నారు. 2020లో వచ్చిన లెక్క ప్రకారం పడిపోవడాలు 15 శాతం, దెబ్బలు తగిలినవి 34 శాతం తగ్గాయి. ఇంటివాళ్లను కలుపుకోవాలన్నది అందుకే, తప్పు వాళ్ల మీదికి తోయడానికి కాదు.

ఫిజియో, చిత్తూరు:
పడ్డాక ఏం చేయాలో ఎవరూ మాట్లాడట్లేదు. మనవాళ్లు చేసే మొదటి పని, ఇద్దరు చెరో భుజం కింద చెయ్యేసి లేపడం. అది ఆపాలి. ముందు ఊపిరి, తెలివి, మెడ, తుంటి చూడాలి. ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగితే తుంటి ఎముక విరిగిందని అనుమానించాలి. డాక్టరు చూసేదాకా కదపొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల తలకు దెబ్బ తగిలితే, బాగానే మాట్లాడుతున్నా సీటీ స్కాన్ గురించి డాక్టరును అడగాల్సిందే. బీపీ, షుగర్ వెంటనే చూడాలి. పడుకుని లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పడిపోతే, పడటానికి కారణం అదే కావచ్చు. తుంటి విరిగిన పెద్దాయన్ను ఆసుపత్రి నుంచి పుత్తూరు కట్టుకు, అంటే ఎముకలకు వేసే నాటు కట్టుకు, తీసుకెళ్తామనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లకు ఓపిగ్గా చెప్పడం కూడా ట్రైనింగ్‌లో ఉండాలి.

పేషెంటు కూతురు, పుత్తూరు:
సరే మేడమ్, నేర్చుకుంటాను. కానీ సంతకం పెట్టను. చేర్చిన రోజే, పగటిపూట, మా అమ్మను ఎలా లేపాలో చేసి చూపించండి. మా వైపు చాలామంది ఇంట్లో తమిళం మాట్లాడతారు, వాళ్లకు తమిళంలో చెప్పండి. ఇంకొకటి, బెల్ కొడితే రాత్రి ఎవరు వస్తారో ఆ పేరు కూడా అదే కాగితం మీద రాయండి.

నైట్ డ్యూటీ సిస్టర్:
నా పేరు రాయండి అక్కా, అభ్యంతరం లేదు. దాని కింద రెండో పేరు కూడా ఉండాలని మేనేజ్‌మెంటును మీరూ అడగండి. మేం అడిగితే వినట్లేదు.