ఖాతా నిలిపివేస్తామంటూ వచ్చిన ఈమెయిల్ అసలుదా, మోసమా?

కర్నూలులోని మా విత్తనాల దుకాణం ఈమెయిల్ ఖాతాకు మంగళవారం రాత్రి 9:40కి ఒక హెచ్చరిక వచ్చింది. ఎవరో అనుమానాస్పదంగా లాగిన్ అయ్యారని, 24 గంటల్లోగా పాస్‌వర్డ్ ధ్రువీకరించకపోతే ఖాతాను నిలిపివేస్తామని అందులో ఉంది. డీలర్ల బిల్లులన్నీ ఆ ఖాతాలోనే ఉన్నందున దీన్ని తేలికగా కొట్టిపారేయలేకపోతున్నాను.

పంపినవారి పేరు మా ఈమెయిల్ సంస్థదే. చిరునామాలో మాత్రం సంస్థ పేరు తరువాత చిన్న గీత, ఆ పైన ‘అలర్ట్స్’ అనే మాట ఉన్నాయి. లింకును నొక్కకుండా దానిపై మౌస్ ఉంచి చూస్తే, అదీ అదే డొమైన్‌కు, అంటే ఆ గీత ఉన్న వెబ్ చిరునామాకే, వెళుతోంది.

సంస్థ వెబ్‌సైటు చిరునామాను నేనే టైపు చేసి లాగిన్ అయి చూస్తే, భద్రతా విభాగంలో ఎలాంటి హెచ్చరికా లేదు. కొత్త పరికరమూ కనిపించలేదు. ముందుజాగ్రత్తగా అక్కడే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టాను. కస్టమర్ కేర్‌కు రాస్తే యాంత్రికమైన జవాబే వచ్చింది.

నన్ను తికమక పెడుతున్నది ఈమెయిల్ హెడర్, అంటే ఈమెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చూపే సాంకేతిక వివరాలు. అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే, పంపిన డొమైన్ నిజమైనదేనా అని చూసే తనిఖీలు మూడూ ‘పాస్’ అని ఉన్నాయి. అయితే అవి ఆ గీత ఉన్న డొమైన్ నుంచే ఈమెయిల్ వచ్చిందని చెబుతాయే తప్ప, ఆ డొమైన్ సంస్థదేనని చెప్పవు. అలాంటి పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. మరోవైపు, కొన్ని సంస్థలు నోటీసుల కోసం వేరే డొమైన్ వాడడమూ ఉంది. డొమైన్ల నమోదు వివరాలు చూపే హూయిజ్‌లో వెతికితే యజమాని వివరాలు గోప్యంగా ఉన్నాయి.

ఈ పరిస్థితిలో, ఆ డొమైన్ నిజంగా సంస్థదేనా కాదా అన్నది లింకు తెరవకుండా ఖచ్చితంగా నిర్ధారించుకునే మార్గం ఏమిటి?