ముద్దబంతి విత్తనం చల్లితే రెక్కబంతి పూసింది. అదే పువ్వు మళ్లీ రావాలంటే ఏం చేయాలి?

పెరటిమొక్క:

అందరికీ నమస్కారం. నిరుడు నా తోటలో ఒక బంతి మొక్క ఉండేది. పువ్వు పిడికిలంత, రేకుల మధ్య వేలు దూరనంత ముద్దగా ఉండేది. రంగు మామూలు నారింజ కంటే ఒక పాలు ముదురు. పువ్వులు మొక్క మీదే ఎండేదాకా ఆగి, కోసి, నీడన ఆరబెట్టి, కాగితపు పొట్లంలో దాచి ఈసారి చల్లాను. మొలకలు ఒత్తుగా వచ్చాయి. మొక్కలు కూడా ఏపుగా పెరిగాయి. తీరా పూత మొదలయ్యేసరికి సగానికి పైగా రెక్కబంతులే! చుట్టూ ఒక వరస రేకులు, మధ్యలో పసుపుపచ్చని బొడ్డు. మిగతావి ముద్దగానే ఉన్నా ఒకటి లేత పసుపు, ఇంకొకటి వెలిసిన నారింజ. వీటన్నిటి మధ్య ఒకే ఒక్క మొక్క నిరుటి పువ్వును దాదాపు అచ్చుగుద్దినట్టు పూస్తోంది. దాన్ని మాత్రం పోగొట్టుకోలేను.

ఒకే మొక్క విత్తనాలకు ఇన్ని రకాల పూలు ఎందుకు వచ్చాయి? ఈ ఒక్క మొక్కను వచ్చే కాలానికి నిలబెట్టుకునే దారి ఏదైనా ఉందా? ఇంకొక సందేహం. గట్టు పక్కన పొట్టి బంతులు కొన్ని ఉన్నాయి, పసుపు రేకుల మీద ఇటుకరంగు మచ్చలతో. అవి విరామం లేకుండా పూస్తాయి కానీ ఎండిన పువ్వును విప్పితే ఒక్క గట్టి గింజ కూడా ఉండదు, అంతా పొట్టే. వాటికి ఏదైనా జబ్బు చేసిందా?

వానచినుకు:

మీరు మొదట కొన్నది రెండు వేర్వేరు వంగడాలను కలిపి పుట్టించిన సంకర రకం అయి ఉంటుందండి. ప్యాకెట్ మీద ఎఫ్‌1 (అంటే ఆ కలయికలో మొదటి తరం) అని ఉంటే దాని విత్తనం దాచి లాభం లేదు, మరుసటి తరంలో గుణాలు చెల్లాచెదురవుతాయి. నా మటుకు నేను ఏటా కొత్త ప్యాకెట్ తెచ్చుకుంటాను. శ్రమా తక్కువ, పూలూ ఒకేలా ఉంటాయి.

మట్టిచేతులు:

వానచినుకు గారు చెప్పింది నిజమే కానీ అందులో సగం కథే ఉంది. సంకర రకం కాకపోయినా, పక్కన వేరే బంతులు ఉంటే మీకు ఇదే జరుగుతుంది. అది పువ్వు కట్టుబడిలోనే ఉంది.

ఒక రెక్కబంతి పువ్వును, ఒక ముద్దబంతి పువ్వును కోసి రెండింటినీ నిలువునా చీల్చి చూడండి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒకే ఆకుపచ్చ దొప్పలో గుచ్చిపెట్టినట్టున్న చిన్న చిన్న పూల గుంపు. బయటి వరసలో రేకులా కనిపించే ప్రతిదీ ఒక పువ్వే. దాని అడుగున ఒక గింజ కట్టే చోటు, పైన పుప్పొడిని అందుకునే చీలిన కొన (కీలాగ్రం) ఉంటాయి. పుప్పొడి మాత్రం ఉండదు, అది ఆడపువ్వు. మధ్య బొడ్డులో ఉండే సన్నని గొట్టాల్లాంటివి ఆడా మగా కలిసినవి, పుప్పొడి వాటి నుంచే వస్తుంది. ముద్దబంతిలో ఈ గొట్టాలు చాలావరకు రేకులుగా మారిపోయాయి. పువ్వు ఎంత ముద్దగా ఉంటే దానికి సొంత పుప్పొడి అంత తక్కువ. గింజ కట్టాలంటే పుప్పొడి బయటి నుంచి రావాలి. ఆ పుప్పొడి పుష్కలంగా, తేనెటీగ కాలు పెట్టగానే అంటుకునేలా దొరికేది రెక్కబంతిలోనే. మీకు నచ్చిన మొక్క తల్లి మాత్రమే. తండ్రి ఎవరో తేనెటీగలు నిర్ణయించాయి.

పొట్టి బంతులకు ఏ జబ్బూ లేదు, నిశ్చింతగా ఉండండి. పొడుగు బంతి తగెటెస్ ఎరెక్టా జాతి, దాని కణాల్లో 24 క్రోమోజోములు. పొట్టి బంతి తగెటెస్ పాట్యులా, దానికి 48. రెండింటినీ కలిపి పుట్టించిన రకాలకు 36 వస్తాయి. అవి సమంగా జతపడవు కాబట్టి ఆ మొక్క గొడ్డుదవుతుంది. గింజ కట్టే పని లేదు కనుకే అలా ఆగకుండా పూస్తూ ఉంటుంది. మీవి ఆ రకానివే అనిపిస్తోంది. వాటి విత్తనం కోసం ఎదురుచూడకండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ ఒక్క మొక్కను నిలబెట్టుకోవాలంటే కొమ్మ నాటండి. బంతి అనగానే అందరూ విత్తనమే అనుకుంటారు. ఒక్క కాలం బతికే మొక్కకు కొమ్మ ఎందుకని కొట్టిపారేస్తారు. నాకైతే ఇది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే బంతి కొమ్మ అంత సులువుగా వేరు పట్టే మొక్కలు తోటలో ఎన్నో లేవు. నేల వైపు వంగిన పాత కొమ్మను తిప్పి చూడండి, అడుగున తెల్లటి బుడిపెలు వరసగా కనిపిస్తాయి. అవి మట్టి తగిలితే దిగడానికి సిద్ధంగా ఉన్న వేళ్లు. విత్తనం నాటితే బిడ్డ వస్తుంది. కొమ్మ నాటితే అదే మొక్క వస్తుంది, అదే రంగు, అదే ముద్ద.

కొమ్మ ఎంపికలోనే సగం పని అయిపోతుంది. మొగ్గ లేని లేత చిగురు కావాలి, మరీ నీరునీరుగా ఉండకూడదు, వంచితే టక్కున విరిగేంత పటుత్వం ఉండాలి. పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు చాలు. పదునైన బ్లేడుతో కణుపుకు సరిగ్గా కింద కోయండి, కత్తెరతో నలిపితే కుళ్లు అక్కడే మొదలవుతుంది. కింది ఆకులు గిల్లేసి పైన రెండు జతలు ఉంచండి. కడిగిన ఇసుక, కొబ్బరిపొట్టు చెరిసగం కలిపి తడిపి, పుల్లతో బెజ్జం చేసి, అందులో రెండు కణుపులు దిగేలా గుచ్చి, చుట్టూ వేలితో అదమండి. ఎరువు వద్దు, ఈ దశలో ఎరువు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. వెలుతురు ఉండి ఎండ నేరుగా తగలని చోట పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు తల వాలుస్తుంది, కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. ఆకుల మీద చల్లితే చాలు. రెండు వారాలకు అటూ ఇటూగా కొమ్మను మెల్లగా పైకి లాగి చూస్తే మట్టి పట్టుకున్నట్టు తెలుస్తుంది. కొత్త చిగురు కదిలాక కుండీలోకి మార్చండి.

పెరటిమొక్క:

ఇంత వివరంగా చెప్పినందుకు మీకు ఎంతో కృతజ్ఞతలు. ఇప్పుడే పువ్వును చీల్చి చూశాను. ముద్దపువ్వు నడిమధ్యన రేకుల కింద దాగి అయిదారు గొట్టాలు మాత్రమే ఉన్నాయి, రెక్కబంతిలో లెక్కపెట్టలేనన్ని! ఇన్నాళ్లూ పూలు పెంచుతూ ఇది ఎప్పుడూ చూడలేదు.

ఒక ఇబ్బంది ఉందండి. నాకు కావలసిన మొక్కకు ప్రతి కొమ్మ చివరా మొగ్గే. మొగ్గ లేని చిగురు వెతికినా దొరకలేదు. మొగ్గ తుంచేసి ఆ కొమ్మే నాటవచ్చా?

మట్టిచేతులు:

నాటవచ్చు, వేరు కూడా పడుతుంది. కానీ ఆ కొమ్మకు పూయాలన్న ఆత్రమే ఎక్కువ. జానెడు ఎదగకముందే కణుపు కణుపుకూ మొగ్గ తొడిగి గిడసబారుతుంది. దానికంటే ఇలా చేయండి. మొక్క మీద పూలూ మొగ్గలూ అన్నీ తీసేయండి. ప్రాణం ఒప్పదని తెలుసు, అయినా తీసేయండి. కొమ్మల పొడవులో మూడో వంతు దాకా కత్తిరించి తీసేసి, మొక్క మొదట్లో పిడికెడు వర్మికంపోస్టు వేసి నీళ్లు పెట్టండి. ఆకు మొదళ్లలోంచి పక్క పిలకలు లేస్తాయి. అవి వేలెడు పొడవు కాగానే, మొగ్గ పొడసూపకముందే కోసి నాటాలి.

ఇక్కడ కాలం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పొడుగు బంతికి పగలు తగ్గితే పూత తొందర పుడుతుంది, పగలు పొడుగైతే ఆకు మీద దృష్టి పెడుతుంది. పొద్దు తక్కువ ఉండే రోజుల్లో ఎంత కత్తిరించినా పిలకలు వెంటనే మొగ్గ వేస్తాయి. అప్పుడు కొమ్మలను నాటి, వచ్చిన మొగ్గను వచ్చినట్టు గిల్లుతూ పోవాలి. పగటి పొడవు పెరిగాక అవే పుంజుకుంటాయి. తల్లిమొక్క ముసలిదై ఎండిపోయేలోగా కొమ్మ, ఆ కొమ్మ పెరిగాక దానికి మరో కొమ్మ, ఇలా వరస తెగకుండా నడిపించడమే. ఒకే కుండీ మీద ఆశ పెట్టుకోకుండా నాలుగైదు చోట్ల నాటి ఉంచండి.

తేనెపట్టు:

మాటల మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. కొమ్మ విషయంలో మట్టిచేతులు గారితో నాకు పేచీ లేదు. కానీ విత్తనాన్ని పూర్తిగా వదిలేయకండి. కొమ్మతో ఉన్నది నిలుస్తుంది, మీకు కావలసిన వంగడం తయారయ్యేది మాత్రం విత్తనంతోనే.

ముద్దబంతిలో మంచివి ఒక రెండు మూడు మొక్కలు ఎంచుకోండి. విచ్చుకోబోయే మొగ్గలకు ముందురోజే పలచని గుడ్డ సంచి తొడిగి మూతి కట్టండి. పూర్తిగా విచ్చాక సంచి విప్పి, ఒక మొక్క పువ్వును ఇంకో మొక్క పువ్వు మీద మెల్లగా రుద్దండి. ఇప్పుడే మీరు చూశారు కదా, నడిమధ్య ఆ అయిదారు గొట్టాలు, వాటి పుప్పొడే ఆధారం. నాలుగు రోజుల పాటు పొద్దున పూట ఇలా చేసి మళ్లీ సంచి తొడిగేయండి. గింజలు తక్కువే వస్తాయి, కానీ తల్లీ తండ్రీ ఇద్దరూ మీరు ఎంచినవే.

గింజ తీసేటప్పుడు చూపు పెట్టవలసిన చోటు ఒకటుంది. దొప్పను చీల్చితే సన్నని పుల్లలు బయటికి వస్తాయి, కింది భాగం నలుపు, పై భాగం గడ్డిరంగు. ఆ నల్లని భాగాన్ని గోటితో నొక్కండి. గట్టిగా ఎదురునిలిస్తే గింజ నిండింది, నొక్కగానే చదునైపోతే అది తాలు. తాలు అక్కడే పారేస్తే మొలక రాలేదన్న దిగులు ఉండదు.

మరుసటి కాలంలో కాస్త ఒత్తుగా చల్లండి. పైన అర సెంటీమీటరు మట్టి చాలు. 20 నుంచి 25 డిగ్రీల వేడిమిలో వారంలోపే మొలుస్తాయి. నారుమడిలో నీరు నిలిస్తే కాడ మొదట్లో కుళ్లి నారు పడిపోతుంది, అందుకే పొద్దునే తడిపి సాయంత్రానికి పైమట్టి ఆరేలా చూడండి. నాటేటప్పుడు కాడను మొదటి ఆకుల దాకా పూడ్చితే అక్కడా వేళ్లు వస్తాయి. ఇక అసలు కిటుకు. ప్రతి మొక్కకూ మొదటి పువ్వు విచ్చేరోజు దగ్గరే ఉండండి. రెక్కబంతి అని తేలిన మొక్కను అప్పుడే తీసి దూరంగా మార్చండి. పీకి పారేయమని నేను చెప్పను. తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు తిండి పెట్టేది ఆ మొక్కలే, తోటలో వాటికీ ఒక మూల ఉండాలి. కాకపోతే దాని పుప్పొడి ముద్దబంతికి అందకూడదు. ఇలా తరం తరం ఏరుకుంటూ పోతే రెక్కబంతులు తగ్గుతూ వస్తాయి.

పెరటిమొక్క:

రెండూ చేస్తాను. ఈ పూటే పూలన్నీ తీసి మొక్కను కత్తిరించాను. గుర్తు కోసం కాండానికి ఎర్ర దారం కట్టాను. పక్క మొక్కల్లో ఒకదానికి రేకులు ఆకుపచ్చగా, ఆకుల్లా మారుతున్నాయి. చూడడానికి వింతగా ఉంది. దాని కొమ్మ కూడా నాటి చూడనా?

మట్టిచేతులు:

నాటకండి! దాన్ని ఈరోజే వేళ్లతో సహా తీసేయండి. రేకులు ఆకులుగా మారడం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెచ్చే తెగులు. రసం పీల్చే దీపపు పురుగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు దాన్ని మోస్తాయి. మందు లేదు. కొమ్మ నాటితే తెగులు కొమ్మతోపాటే వస్తుంది. మొక్కను పీకే ముందు మీ ఎర్ర దారం మొక్క ఆకులు తిరగేసి చూడండి, అడుగున పచ్చగా, పక్కకు నడిచే చిన్న పురుగులు కనిపిస్తే ముందు వేపనూనె కలిపిన నీళ్లు పిచికారీ చేయండి. దానికి వచ్చే పిలకలను పలచని వల కింద పెంచండి. మొదటి పిలక ఎలా లేచిందో చెప్పడం మరిచిపోకండి.