సమస్య: "నేల విడిచి సాము నెగ్గునయ్య!" (ఆటవెలది, గిటార్ యాంప్ స్టాండ్)

నిర్వాహకుడు, తిరుపతి

ఈసారి పూరించాల్సిన పాదం ఇదీ:

నేల విడిచి సాము నెగ్గునయ్య!

అన్నీ సూర్యగణాలే, యతి నే–నె. నాలుగో పాదంగానే రావాలి. నేల విడిచి సాము చేసినవాడు ఓడిపోతాడని లోకం మాట, గెలుస్తాడని పాదం మాట. ఈ విరోధాన్ని గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) పెట్టుకునే స్టాండ్ ఎంపికతోనే పొసగించాలి. హనుమంతుడి మీదికో విమానం మీదికో తోసేస్తే ఒప్పుకోము. ఇంకొక షరతు: పద్యంలో చెప్పిన మాట పట్టుకుని ఎవరైనా అంగడికి పోతే నష్టపోకూడదు. గణయతులతో పాటు దానికీ మార్కులు తీస్తాం.

చంద్రగిరి సభ్యుడి పూరణ

చెవికి కాక పిక్క చెంతకే స్వరమేగు
నేల నుంచ యాంపు నిట్టనిలువు;
మూర యెత్తి వెనుక మొగ్గించి నిలిపిన
నేల విడిచి సాము నెగ్గునయ్య!

నిర్వాహకుడు: గణాలు సరి. చె–చెం, నే–ని, మూ–మొ యతులు సరి. "పిక్క చెంతకే" అన్న మాటలో అసలు కారణం దొరికింది. 12 అంగుళాల స్పీకర్ 1,100 హెర్ట్జ్ దాటినప్పటినుంచి టార్చి లైటు మాదిరి ముందుకే వేస్తుంది, ఎందుకంటే అక్కడికి అల పొడవు స్పీకర్ వెడల్పుతో సమానమవుతుంది. నేల మీద పెడితే ఆ పదునంతా పిక్కలకు తగులుతుంది. వాయించేవాడికి ట్రెబుల్ వినపడక నాబ్ తిప్పుతూ పోతాడు, ముందు వరసలో కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటారు.

పాకాల సభ్యుడు: మూర అన్నది అందంగా ఉండాది సామీ, కొలత కూడా నిజమే, 45 సెంటీమీటర్లు. కానీ ఎంత మొగ్గించాలో చెప్పలేదే. 45 సెం.మీ. ఎత్తు పెట్టెలో స్పీకర్ నడుమ 22 సెం.మీ. దగ్గర ఉంటుంది. నిలబడినవాడి చెవి 155 అనుకుందాం, దూరం 2 మీటర్లు. నేల మీద నుంచే చెవికి గురి పెట్టాలంటే 34 డిగ్రీలు వంచాలి. మూరెడు ఎత్తితే 24 చాలు. ఎత్తడం వల్ల అసలు లాభం ఈ పది డిగ్రీలే.

నిర్వాహకుడు: ఆ లెక్కకు ఇంకొకటి కలపండి. 25 సెం.మీ. లోతు, 45 ఎత్తు ఉన్న పెట్టె, బరువు నడిమధ్యన ఉంటే, వెనుక ఆసరా లేకుండా 29 డిగ్రీల దగ్గర వెల్లకిలా పడిపోతుంది. వాల్వు కాంబోల్లో (వాల్వులతో నడిచే, యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్నవాటిలో) చాసిస్ అనే లోహపు చట్రం, ట్రాన్స్‌ఫార్మర్లు పైభాగంలోనే ఉంటాయి. బరువు కేంద్రం 27 సెం.మీ.కి పోయిందంటే 25 డిగ్రీలకే పడుతుంది. అంటే 34 డిగ్రీలు ఉత్తి నేల మీద కుదిరే పనే కాదు. 24 కూడా అంచు మీద నడకే. వెనుక ఆనించే పట్టె లేని స్టాండ్ మీద అంత వంచరాదు.

పుత్తూరు సభ్యురాలి పూరణ

బరువు మొదట తూచి, పట్టెల నిడివిని
కొలిచి, వెనుక కాలు కొంత సాగ
మేకు పడిన స్టాండు మీదెక్కి కూర్చుండ
నేల విడిచి సాము నెగ్గునయ్య!

నిర్వాహకుడు: అమ్మా, ధార బాగుంది. మూడో పాదంలో "పడిన స్టాండు" దగ్గర ఎవరైనా న గురువు కాదా అని అడగవచ్చు. విడి పదం కాబట్టి కాదు, లఘువే. దోషం ఉన్నది గణంలో కాదు, అన్వయంలో. తూచేదీ కొలిచేదీ మనిషి, ఎక్కి కూర్చునేది యాంప్. "తూచి", "కొలిచి" లాంటి క్త్వార్థకానికి, ఆ తర్వాతి క్రియకు కర్త ఒక్కడే ఉండాలి. ఇట్లా మార్చి చూడండి: "మేకు పడిన స్టాండు మీదను యాంపుంచ". యతి మే–మీ చెడలేదు, ఉంచేవాడూ తూచినవాడే అయ్యాడు.

పుత్తూరు సభ్యురాలు: సవరణ శిరోధార్యం. ఒక్క పద్యంలో ఇమడనిది వచనంలో చెప్తాను. బాస్ కంపెనీ కటానా 50 యాంప్ లాంటిది 11.6 కిలోలు, రోలాండ్ జేసీ 120 అయితే 28, ఫెండర్ ట్విన్ రివర్బ్ దగ్గరదగ్గర 29. స్టాండ్ మీద రాసిన మోత బరువు యాంప్ బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటేనే నాకు నమ్మకం. ఆ అంకె బరువు నిటారుగా, కదలకుండా ఉన్నప్పటిది. వంచి పెట్టినప్పుడు, ఎవరైనా మోచేత్తో తగిలినప్పుడు మోత అంతా ఒక్క కీలు మీద పడుతుంది.

పట్టెల నిడివి అంటే పెట్టె లోతులో మూడొంతులైనా పట్టెల మీద ఆనాలి. ముందు కొసన జారకుండా ఉండే పైకి వంపు 3, 4 సెం.మీ. మించితే స్పీకర్ బట్టకు అడ్డం వస్తుంది. పెట్టె అడుగున చక్రాలుంటే ముందే పీకేయాలి, లేకపోతే పట్టెల మీద నాలుగు చక్రాలూ ఆనక ఊగుతుంది. రబ్బరు పాదాలు పట్టెల సందులో పడుతున్నాయా అన్నది కూడా అంగట్లోనే చూసుకోవాలి, ఇంటికొచ్చాక చూసి లాభం లేదు.

పాకాల సభ్యుడు: మేకు అన్నందుకు ఈ పద్యానికి ఒక మార్కు ఎక్కువ. తిప్పే నాబ్ ఒక్కటే ఉన్న స్టాండ్ అదురుకు మెల్లగా వదులవుతుంది, రెండో పాట అయ్యేసరికి యాంప్ ఆకాశం చూస్తుంటుంది. రంధ్రంలో దిగే మేకు గానీ పళ్ల చక్రం గానీ ఉండాల. కీబోర్డు కత్తెర స్టాండ్ మీద పెట్టేవాళ్లుంటారు. అది వెడల్పుకు తగ్గించే కొద్దీ ఎత్తు పెరుగుతుంది, పాదం ఇరుకవుతుంది. రెండూ మనకు వద్దన్నవే.

పలమనేరు సభ్యుడి పూరణ

పాల క్రేటు మీద యాంపును పెట్టిన
గదికి చాలునదియె, ఖర్చు లేదు;
దిండు ముందు కడను తెచ్చి దూర్చితివేని
నేల విడిచి సాము నెగ్గునయ్య!

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి పడలేదు అబ్బయ్యా. పా ఎక్కడ, యాం ఎక్కడ? ప్రాసయతి అని తప్పించుకుందామన్నా రెండో అక్షరాలు కలవవు. "పాల క్రేటు మీద బరువుగా నుంచిన" అంటే పా–బ కుదురుతుంది. క్రే ముందున్న ల గురించి బెంగ వద్దు, సంస్కృత సమాసం కాదు కాబట్టి లఘువే. రెండో పాదంలో గ–ఖ బాగా పడింది.

ఇక పాల క్రేటు. తక్కువ ఖర్చు మాట నిజం, గట్టిగా ఉంటుంది, అన్ని పక్కలా సందులుంటాయి. దిండు మాత్రం వద్దే వద్దు. మెత్తటిది కాబట్టి అదురుకు పెట్టె దిండు మీద ఊగుతూ అంగుళం అంగుళం జారుతుంది. చెక్క ముక్క పెట్టండి. 25 సెం.మీ. లోతు పెట్టెకు ముందు అంచు కింద ఆరున్నర సెం.మీ. ఎత్తు చెక్క పడితే 15 డిగ్రీలు వాలుతుంది. కూర్చుని వాయించేవాడికి అది చాలు. పద్యంలోనూ చెక్క పట్టేస్తుంది: "చెక్క ముందు కడను చేర్చి దూర్చితివేని". యతి చె–చే.

పలమనేరు సభ్యుడు: చెక్కే పెట్టేస్తా సామీ. క్రేటు బోర్లా వేయాల్నా?

పాకాల సభ్యుడు: బోర్లా వేసి, పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేసి, దాని మీద పాత సైకిల్ ట్యూబు చీల్చి రెండు పట్టీలు అంటించు. ట్యూబు లేకుంటే ప్లాస్టిక్ మీద పెట్టె పాదాలు జారతాయి. వెనుక తెరిచి ఉండే కాంబో అయితే గోడకు కనీసం అడుగు దూరం. వెనుక నుంచి వచ్చే శబ్దం గోడకు కొట్టి ముందుదానితో కలిసి పాడవుతుంది, వాల్వుల వేడికీ దారి ఉండాల కదా.

కాళహస్తి సభ్యుడి పూరణ

చిన్న యాంపు గొంతు చిక్కిపోవును మీద,
నేలె దాని కొసగు నిండు బేసు;
ఎనిమిదంగుళముల నెత్తితివా, యెట్లు
నేల విడిచి సాము నెగ్గునయ్య?

నిర్వాహకుడు: ఆశ్చర్యార్థకం తీసి ప్రశ్నార్థకం పెట్టారు, పాదం తలకిందులైంది. కాకువుతో (గొంతు విరుపుతో అర్థం మార్చి) పూరించడమంటే ఇదీ. మూడో పాదంలో ఎ–నె కూడా సరే, నె లో ఉన్నది ద్రుతసంధిలో కలిసిన ఎకారమే. ఎనిమిదంగుళాలు అంటే అంత స్పీకర్ ఉన్న పెట్టె అని లక్షణతో (సూచించే అర్థంతో) తీసుకుందాం, ఎనిమిదంగుళాల ఎత్తు అనుకునే ప్రమాదం లేకపోలేదు.

విషయం నూటికి నూరు పాళ్లు నిజం. నేల ఒక్కటే కింది స్వరాలకు సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ దాకా బలమిస్తుంది. గోడ మూల అయితే ఇంకా ఎక్కువ. బేసు లేని చిన్న పెట్టెకు అది వరం. దాన్ని ఎత్తకుండా చెక్కతో వంచితే చాలు. బేస్ గిటార్ యాంప్‌కూ నేలే మేలు.

చంద్రగిరి సభ్యుడు: అయితే నా పద్యంలో మూరెడు ఎత్తు పెద్ద యాంప్‌కే అని చెప్పి ఉండాల్సింది.

నిర్వాహకుడు: అవును. ఎత్తగానే బేసంతా పోతుందనీ అనుకోకండి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, దాని అల నాలుగు మీటర్ల పైచిలుకు. మూరెడు ఎత్తు దానికి లెక్కే కాదు. తగ్గేది ఆ స్వరానికి పైనున్న స్వరాల నిండుదనం. గంగజాతర వేదికల మాదిరి డొల్ల పలకలైతే వేరే సంగతి. అక్కడ పెట్టె అదురు నేరుగా పలకల్లోకి దిగి వేదికంతా డోలు అవుతుంది. రబ్బరు కాళ్ల స్టాండ్ ఆ అదురును అక్కడే ఆపుతుంది. స్ప్రింగు రివర్బ్ (స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించే అమరిక) ఉన్న యాంప్‌లో అడుగుల చప్పుడుకు వచ్చే గలగల కూడా తగ్గుతుంది.

నా పూరణ కూడా పెడుతున్నాను, మొహమాటం లేకుండా విమర్శించండి.

భార గీత పాద పరిధి లోపల నున్న
వాలుచున్న యాంపు వ్రాలి పడదు;
వైరు కట్టు కాలి వద్దనే బిగియింప
నేల విడిచి సాము నెగ్గునయ్య!

పుత్తూరు సభ్యురాలు: నిర్వాహకులకే వైరి సమాసమా అండీ! భార సంస్కృతం, గీత తెలుగు.

నిర్వాహకుడు: దొరికిపోయాను. "భార రేఖ" అని దిద్దుకుంటున్నాను, గణం మారదు.

పాకాల సభ్యుడు: పద్యం దిద్దినా విషయం అట్లనే నిలబడింది. పెట్టె పక్క నడుమ నుంచి దారానికి నట్టు కట్టి వదిలితే ఆ దారం స్టాండ్ వెనుక కాళ్ల కంటే నాలుగు వేళ్లు ముందుకే ఉండాల. అదే పరీక్ష. వెల్డింగ్ అంగట్లో చేయించుకునేవాళ్లు అంగుళం చదరపు గొట్టం, 1.6 మి.మీ. మందం అడగండి. ఐదు మీటర్లు పడుతుంది, ఆరు కిలోల దాకా వస్తుంది. గొట్టం కొసలకు రబ్బరు బిరడాలు, కీలుకు 8 మి.మీ. బోల్టు.

వైరు సంగతి: స్టాండ్ కాలి అడుగున కట్టాల, పైన ఒక జానెడు వదులు ఉంచాల. అప్పుడు ఎవరైనా తన్నినా లాగుడు కాలి మీదే పడుతుంది, యాంప్ నెత్తిన పడదు.

పలమనేరు సభ్యుడు: క్రేటుకైతే వైరు యాడ కట్టేది?

పాకాల సభ్యుడు: సందులుండాయి కదప్పా, అడుగు వరస సందులో నుంచి తీసి ముడి వేయి.