అప్‌డేట్: కాకటీల్స్‌కి జామ కొమ్మలు, కొబ్బరి పీచు ఇచ్చాక ఏమైందంటే

పోయిన నెల అడిగాను కదా, మా కాకటీల్స్ (తల మీద కుచ్చు ఉండే చిన్న పెంపుడు చిలుకలు) రెండూ కొన్న బొమ్మల్ని వదిలేసి కర్టెన్లు కొరుకుతున్నాయి, పెరట్లో దొరికేవి ఇవ్వొచ్చా అని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

జామ కొమ్మలు సూపర్ హిట్. మందు కొట్టని మా చెట్టువే కోసి, బ్రష్‌తో రుద్ది కడిగి, నాలుగు రోజులు ఎండబెట్టి కట్టాను. రెండు రోజుల్లో బెరడంతా ఒలిచేశాయి. వేప పుల్లలదీ అదే కథ.

కొబ్బరి పీచుతోనే టెన్షన్ పడ్డాను. మూడో రోజు మగదాని కాలివేలికి ఒక పోగు బిగుసుకుని వేలు వాచింది. చిన్న కత్తెరతో మెల్లగా తీశాను, సాయంత్రానికి తగ్గింది. పోగులు మింగితే గొంతు సంచిలో ఉండ కట్టే ప్రమాదమూ ఉంది. పీచు పూర్తిగా మానేశాను. శుభ్రంగా గీకిన చిప్ప మాత్రం ఇస్తున్నాను.

ఇవి ఆస్ట్రేలియా పక్షులు, అక్కడ ఎక్కువగా నేల మీదే గింజలు ఏరుకుంటాయి. అది తెలిశాక వేలాడదీయడం తగ్గించి, వెడల్పాటి పళ్లెంలో మొక్కజొన్న పొత్తుల పైతొక్కలు, ఎండు తాటాకు ముక్కలు పరిచి, మధ్యలో కొర్రలు చల్లాను. గంటసేపు తలెత్తలేదు! కర్టెన్ల జోలికి ఇంకా వెళ్తున్నాయి లెండి, కాకపోతే తక్కువ.

గన్నేరు గురించి హెచ్చరించినవారికి మాత్రం దండం పెట్టాలి. మా గేటు పక్కనే ఉంది. పుల్లలు నున్నగా ఉన్నాయని ముందు అవే కోద్దామనుకున్నాను. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమేనట.